పెద్ద అయస్కాంతం, చిన్న అతుకు

2008 సెప్టెంబరులో మన టీవీ చానెళ్ళవారు ప్రళయాన్ని ముహూర్తంతో సహా ప్రకటించిన సంగతి చాలమందికి జ్ఞాపకం ఉండే ఉంటుంది. జెనీవా నగరం చెంత, స్విట్జర్లాండు, ఫ్రాన్సు దేశాల సరిహద్దు క్రింద, 27 కిలోమీటర్ల వలయాకారపు సొరంగంలో సెర్న్ సంస్థవారు ఒక మహాయంత్రాన్ని నెలకొల్పారనీ, అది నడిచిన క్షణాన కృష్ణబిలం పుట్టి భూగోళాన్ని మ్రింగివేస్తుందనీ రాత్రింబవళ్ళు ఊదరగొట్టారు. 10వ తేదీన ప్రోటానుల పుంజం ఆ వలయంలో తిరిగింది. భూమి ఎప్పటివలెనే ఉన్నది. చానెళ్ళు మరొక ప్రళయాన్ని వెతుక్కుంటూ వెళ్ళిపోయాయి. ఆపైన తొమ్మిది రోజులకు, 19వ తేదీన, అదే సొరంగంలో నిజంగానే ఒక పెద్ద ప్రమాదం జరిగింది. దానిని గురించి మన భాషలో నాలుగు వాక్యాలకు మించి వ్రాసినది నా కంటపడలేదు.

వ్రాసిన ఆ కొద్దిమందీ "ఒకచోట టంకం సరిగా పడలేదు, అందుచేత పేలింది" అని ఒక్క ముక్కలో తేల్చివేశారు. చాలకాలం డిగ్రీ విద్యార్థులకు భౌతికశాస్త్రం బోధించినవాణ్ణి గనుక ఈ తేల్చివేత నాకు మొదటినుంచీ రుచించలేదు. టంకం వేసిన చేయి ఎవరిదో వెతకడం సులభం. అన్ని వేల అయస్కాంతాలను ఒక్కొక్కటిగా పరీక్షించిన సంస్థలో ఆ ఒక్క అతుకు పరీక్షకు అందకుండా ఎట్లా మిగిలిపోయిందన్నది అసలు ప్రశ్న. ఒక మహా అయస్కాంతాన్ని క్షేమంగా నడపడమంటే ఏమిటో ఆ ప్రశ్న వెంట పోతేనే తెలుస్తుందని నా అభిప్రాయం.

ముందుగా పరీక్ష సంగతి చెప్పాలి. ఆ యంత్రంలో ప్రోటానులను వంపు త్రిప్పే ద్విధ్రువ అయస్కాంతాలు 1,232. ఒక్కొక్కటి 15 మీటర్ల పొడవు, 35 టన్నుల బరువు. నియోబియం–టైటానియం తీగ చుట్టలను ద్రవ హీలియంలో ముంచి, 1.9 కెల్విన్‌కు, అనగా సున్నకు 271 డిగ్రీల దిగువకు చల్లబరచి, 11,850 ఆంపియర్ల విద్యుత్తును పంపితే 8.33 టెస్లాల క్షేత్రం పుడుతుంది. ఇవిగాక పుంజాన్ని కూడగట్టే చతుర్ధ్రువ అయస్కాంతాలున్నాయి. అన్నీ కలిపి 1,706 నిలువులను సొరంగంలోకి దింపక ముందు ఎస్‌ఎం 18 అనే శాలలో, 12 వేదికల మీద, పగలూ రాత్రీ పరీక్షించారు. ఆ పని 2007 తొలి నెలలకు పూర్తయింది.

అయస్కాంతం అనగానే మనకు ఇనుమును లాగే గుణమే మెదులుతుంది. కానీ ఈ ద్విధ్రువాల చుట్టూ మందమైన ఇనుప కవచం ఉండటం చేత బయటికి వచ్చే క్షేత్రం స్వల్పం. అసలు భయం లోపల దాగిన శక్తితో. నిండు విద్యుత్తు ప్రవహిస్తున్నప్పుడు ఒక్క ద్విధ్రువంలో సుమారు 70 లక్షల జౌళ్ళ శక్తి ఉంటుంది. ఆ శక్తి దాని 35 టన్నుల బరువును 20 మీటర్ల ఎత్తుకు లేపగలదు. ఇంకొక విధంగా చూస్తే, స్నానానికి 20 లీటర్ల చన్నీళ్ళను బాయిలరులో మరగబెట్టడానికి పట్టే వేడి కూడా ఇంచుమించు అంతే. ఈ రెండవ పోలిక వింటే భయం తగ్గిపోతుంది, తగ్గకూడదు. బాయిలరులో నీళ్ళు కాగడానికి అరగంట పడుతుంది, ఇక్కడ ఆ వేడి సెకను లోపల బయటపడుతుంది. తీగచుట్టలో పారే విద్యుత్తు హఠాత్తుగా ఆగడానికి ఒప్పుకోదు. ప్రయోగశాలలో చిన్న విద్యుదయస్కాంతపు మీట ఆపినప్పుడు నిప్పురవ్వ ఎగరడం నా విద్యార్థులందరూ చూసినదే. ఆ రవ్వకు 12 వేల ఆంపియర్ల పెద్దన్నను ఊహించుకోండి.

ఇక్కడ క్వెంచ్ అనే మాటను పరిచయం చేయక తప్పదు. దీనికి తెలుగులో 'చల్లార్చుట' అని వ్రాసినవారున్నారు, కానీ జరిగేది దానికి పూర్తిగా తలక్రిందులు. తీగచుట్ట మీద మీటరు పొడవుకు వందల టన్నుల విద్యుదయస్కాంత బలం పనిచేస్తూ ఉంటుంది. ఆ ఒత్తిడిలో ఒక తీగ వెంట్రుకవాసి కదిలినా చాలు, ఆ రాపిడికి పుట్టిన ఇసుమంత వేడితో ఆ భాగం అతివాహకత్వాన్ని కోల్పోతుంది. అక్కడ నిరోధం పుడుతుంది, నిరోధం వలన మరింత వేడి, ఆ వేడి ప్రక్క తీగకు... ఇట్లా వ్యాపిస్తుంది. శక్తి అంతా ఆ ఒక్క చోటనే వెలువడితే తీగ కరిగిపోతుంది. దీనికి విరుగుడు విచిత్రమైనది. ఒకచోట వేడెక్కిందని తెలియగానే చుట్ట నంతటినీ కావాలనే వేడిచేస్తారు! తీగచుట్టలకు అంటించిన పట్టీలలోనికి కెపాసిటర్ల నుండి విద్యుత్తు వదిలి, చుట్ట మొత్తాన్ని ఒకేసారి నిరోధకంగా మారుస్తారు. భారం అందరూ తలా కొంచెం మోసినట్లు, వేడి అంతటా పరుచుకొని ఏ ఒక్క భాగమూ మాడదు. ఆ తీగచుట్టపై నూరు మిల్లీవోల్టుల తేడా పది మిల్లీసెకన్లు నిలిస్తే చాలు, ఈ ఏర్పాటు తనంత తానుగా మేల్కొంటుంది. మనిషి రెప్పవాల్చడానికి పట్టే సమయంలో పదోవంతు కూడా కాదు.

పరీక్షావేదిక మీద చేసే ముఖ్యమైన పని అయస్కాంతాన్ని ఇట్లా విఫలం చేయించడమే. ముందు విద్యుద్బంధకాల పటుత్వం చూస్తారు. ఆ వేడి పట్టీలు పనిచేస్తున్నవో లేదో తక్కువ విద్యుత్తు దగ్గరే తేల్చుకుంటారు. పిమ్మట మెల్లమెల్లగా పెంచుతూ పోతారు. కొన్ని అయస్కాంతాలు మొదటి ప్రయత్నంలోనే నిలుస్తాయి. కొన్ని ఒకటి రెండు సార్లు క్వెంచ్ అయి, తీగలు తమ తావుల్లో సర్దుకొన్న పిమ్మట నిలుస్తాయి. దీనిని ఆ శాలలో 'శిక్షణ' అంటారు. ఇందులో నాకు నచ్చిన సూత్రమొకటి ఉన్నది. "ఇది విఫలం కాదు" అన్న నమ్మకం మీద ఇక్కడ ఏదీ కట్టలేదు. విఫలమైనప్పుడు శక్తి ఎటు పోవాలి, హీలియం ఎటు పోవాలి, మనుషులు ఎక్కడ ఉండాలి అన్న లెక్క మీద కట్టారు. లక్కయింట్లో పాండవులు బ్రతికి బయటపడింది ఆ ఇల్లు అంటుకోకపోవడం వలన కాదు గదా. అంటుకుంటుందని విదురుని మాటవలన ముందే తెలిసి, బిలం త్రవ్వించి పెట్టుకోవడం వలన.

హీలియం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ఇటువంటి శాలలలో మనిషికి అన్నింటికంటె పెద్ద ముప్పు విద్యుత్తు నుండి కాక గాలి నుండి వస్తుంది. ఒక లీటరు ద్రవ హీలియం ఆవిరై గది వేడిమికి వచ్చేసరికి సుమారు 750 లీటర్ల వాయువు అవుతుంది. ద్రవ నత్రజని కూడా రమారమి 700 రెట్లు విస్తరిస్తుంది. ఆ వాయువు విషం కాదు. ఊరికే గాలిలోని ప్రాణవాయువును త్రోసివేస్తుంది, అంతే. మనకు ఊపిరాడకపోవడం అనే బాధ శరీరంలో బొగ్గుపులుసు వాయువు పేరుకున్నందువలన కలుగుతుంది కానీ, ప్రాణవాయువు తగ్గినందువలన కలగదు. కనుక ఆ గదిలో మనిషికి ఏ ఉక్కిరిబిక్కిరీ లేకుండానే, ఏ హెచ్చరికా లేకుండానే స్పృహ తప్పుతుంది. ఒకరు పడిపోతే ఎత్తడానికి పోయిన రెండవవాడు కూడా అక్కడే పడతాడు. హీలియం తేలిక గనుక కప్పు వైపు చేరుతుంది, చల్లని నత్రజని నేలబారున గుంటలలో నిలుస్తుంది. ఏది వాడుతున్నారో బట్టి ప్రాణవాయువును కొలిచే పరికరం ఎత్తున ఉండాలా, నేలబారున ఉండాలా అన్నది మారుతుంది. మన విశ్వవిద్యాలయాలలో ద్రవ నత్రజని డబ్బాలను లిఫ్టులో పెట్టుకొని, ప్రక్కనే నిలబడి కబుర్లు చెప్పుకుంటూ పోయే పరిశోధక విద్యార్థులను చూచినప్పుడల్లా నాకు ఈ మాట వారి చెవిలో వేయాలనిపిస్తుంది. డబ్బా ఒక్కటే లిఫ్టులో పోవాలి, మనిషి మెట్లెక్కాలి.

ఎస్‌ఎం 18 పనిలో మనవారి పాలు చాల పెద్దది. ఇండోరు, ముంబయి, కలకత్తా, కల్పాక్కంలలోని అణుశక్తి సంస్థల నుండి వందమందికి దగ్గరగా ఇంజినీర్లు ఏడాది చొప్పున వంతులవారీగా పోయి, రేయింబవళ్ళు ఆ వేదికలను నడిపారు. మనం ఈ సహకారాన్ని చెప్పుకునేటప్పుడు ఎన్ని పరికరాలు పంపామన్నదే చెప్పుకుంటాము. నాకు మాత్రం వారు అక్కడ వాడుకలోనికి తెచ్చిన కాగితపు పద్ధతులు అంతకంటె ముచ్చటగా తోస్తాయి. ఏడాదికొకసారి మనుషులు మారిపోయే చోట అనుభవం ఒకరి తలలో ఉండి లాభం లేదు. అందుచేత ఒక్కొక్క అయస్కాంతానికి చేయవలసిన పనుల జాబితా ఒకటి, దాని వెంట వేదిక నుండి వేదికకు నడిచే కంప్యూటరు చిట్టా ఒకటి వ్యవస్థ చేసుకున్నారు. రాత్రి పాళీవాడు ఏ మెట్టు దగ్గర ఆపాడో తెల్లవారి వచ్చినవాడు అతణ్ణి నిద్రలేపి అడగనక్కర లేదు. జాబితాలను చూచి గుమాస్తాగిరీ అని ఎగతాళి చేసే మేధావులు మనలో చాలమంది ఉన్నారు. పాళీ మారే ఆ పావుగంటలో ఎన్ని ప్రమాదాలకు బీజం పడుతుందో వారికి తెలియదని అనుకుంటాను. పాళీకి పాళీకి నడుమ ఉన్నది కూడా ఒక అతుకే.

ఇప్పుడు 19వ తేదీకి వస్తాను.

ఆ వలయం ఎనిమిది భాగాలుగా ఉన్నది. ఒక్కొక్క భాగంలో 154 ద్విధ్రువాలు ఒకే వరుసగా కలిపి ఉంటాయి. ఏడు భాగాలలో అధిక విద్యుత్తు పరీక్ష ముందే అయింది. మిగిలినది 3, 4 స్థానాల నడిమి భాగం. ఆ రోజున దానిని 9,300 ఆంపియర్లకు తీసుకొని పోతూ ఉండగా, 8,700 దగ్గర, ఒక ద్విధ్రువానికీ దాని ప్రక్క చతుర్ధ్రువానికీ నడుమనున్న అతుకు తెగి మెరుపు పుట్టింది. మంచి అతుకుకు ఉండవలసిన నిరోధం ఒక ఓములో వందకోట్లవ వంతుకన్నా తక్కువ. ఈ అతుకుకు దానికి కొన్ని వందల రెట్లు, అనగా సుమారు 220 నానో ఓములు, ఉండి ఉంటుందని తరువాత లెక్కగట్టారు. మెరుపు హీలియం గొట్టాన్ని చిల్లిపరచింది. ఆ భాగంలోని 15 టన్నుల హీలియంలో 6 టన్నులు వెళ్ళిపోయింది. టన్నుల కొద్దీ బరువున్న అయస్కాంతాలు నేలబోల్టులు ఊడదీసుకొని, కొన్ని అర మీటరు దాకా జరిగిపోయాయి. 53 అయస్కాంతాలను పైకి తీయవలసి వచ్చింది. యంత్రం మళ్ళీ నడిచేసరికి 2009 నవంబరు 20 అయింది. అధిక విద్యుత్తు నడిచే వేళ సొరంగంలో మనిషి ఉండరాదన్న నియమం ఉండబట్టి ఒక్కరికీ గీత కూడా పడలేదు. ఈ ఒక్క నియమం అక్కడి లెక్కలన్నింటికంటె గట్టిదని తేలింది.

లెక్కలలో ఏమి తప్పింది? హీలియం బయటపడితే సెకనుకు 2 కిలోలకు మించదని ఊహించి వాయువు బయటికి పోయే ద్వారాలు పెట్టారు. ఆ రోజున వచ్చింది సుమారు 20 కిలోలు. సాధ్యమైన అతి పెద్ద ప్రమాదం ఇదీ అని కాగితం మీద గీత గీసేటప్పుడు, గీత అవతల ఏముందో చూడాలన్న కోరిక మనిషికి సహజంగా తగ్గిపోతుంది. ఇక రెండవది నా దృష్టిలో మరింత ముఖ్యం. అయస్కాంతపు చుట్టలను నూరు మిల్లీవోల్టుల తేడాతో కనిపెట్టే వ్యవస్థ ఉన్నది. అయస్కాంతానికీ అయస్కాంతానికీ నడుమ సాగే విద్యుత్ వాహిని కోసం మాత్రం ఆ భాగం మొత్తానికి కలిపి ఒక వోల్టు తేడా దాటితేనే మేల్కొనే కాపలా ఉన్నది. అంటే ఖరీదైన వస్తువుకు కంటికి రెప్ప వంటి కాపలా, దానిని ప్రక్కదానితో కలిపే జాగాకు దూరపు చావడిలో కూర్చున్న తలారి!

ఈ అతుకులు పదివేలకు పైగా ఉన్నాయి. అవన్నీ సొరంగంలోనే, ఇరుకులో, మనుషుల చేతులతో, టిన్ను–వెండి టంకంతో వేసినవి. వేదిక మీద పరీక్షకు వచ్చినప్పుడు అయస్కాంతం ఒంటరి. అక్కడ క్వెంచ్ అయితే విద్యుత్తు సెకనులో పడిపోతుంది. సొరంగంలో 154 కలిసి ఉన్నప్పుడు అదే విద్యుత్తు సగానికి దిగడానికే ఒక నిమిషానికి పైగా పట్టేది. ఆ నిమిషమంతా చెడ్డ అతుకు మీదుగా అది పారుతూనే ఉండాలి. అంటే వేదిక మీద గెలిచిన అయస్కాంతం, సొరంగంలోని అయస్కాంతం ఒకటి కావు. సెర్న్‌వారు ఈ మాట తెలియనివారు కారు. 2001–03 మధ్య కొన్ని అయస్కాంతాలను వరుసగా అతికి, అదే శాలలో నడిపి చూచారు. ఆ పరీక్ష రూపకల్పన బాగున్నదని చెప్పింది. పదివేల అతుకులలో ప్రతి ఒక్కటీ బాగున్నదని చెప్పడం దానివలన అయ్యే పని కాదు. పదిమంది పిల్లలు పాసయ్యారని బడి అంతా పాసయినట్లు మనం వ్రాసుకోము గదా.

2007 మార్చిలో కూడా ఇటువంటిదే ఒకటి జరిగింది. అమెరికాలోని ఫెర్మీల్యాబ్ పంపిన చతుర్ధ్రువ అయస్కాంతాల సముదాయాన్ని సొరంగంలో పీడన పరీక్షకు పెడితే 20 వాతావరణ పీడనాల దగ్గర లోపలి ఆధారాలు విరిగిపోయాయి. ఒక వైపు నుండి ఎక్కువగా పడే బలాన్ని రూపకల్పనలోనే లెక్కించలేదు. ఎన్నో సమీక్షలు దాటి వచ్చిన వస్తువది. ఇక్కడా తప్పు విడి వస్తువులో కంటె, దానిని వరుసలో ఉంచినప్పుడు దాని మీద పడేదేమిటన్న ప్రశ్నలోనే ఉన్నది.

నన్ను మరీ కలవరపెట్టిన అంశం ఇంకొకటి. ప్రమాదానికి నాలుగు రోజుల ముందు, 15వ తేదీన, అదే భాగాన్ని 7,000 ఆంపియర్ల దాకా నడిపారు. అప్పుడు ఆ అతుకు దగ్గర సుమారు 10 వాట్ల వేడి పుడుతూ ఉన్నదనీ, హీలియపు వేడిమి కెల్విన్‌లో నూరవ వంతుల లెక్కన పెరిగిందనీ ప్రమాదానంతరం పాత నమోదులు తిరగవేస్తే కనబడింది. చిన్న బల్బు వేడి! పరికరాలు దానిని కొలిచాయి, కంప్యూటర్లు దాచిపెట్టాయి, చూడమని మాత్రం ఎవరికీ పని అప్పజెప్పి లేదు. ఆ తరువాత ఇదే ఉపాయంతో మిగిలిన భాగాలను వెదికితే, ద్విధ్రువాల లోపలి అతుకులలోనే చెడ్డవి రెండు దొరికాయి. అవి వేదిక మీద పరీక్ష దాటి వచ్చినవే. కనుక వేదిక మీద పరీక్ష అంతా పరిశుద్ధం, సొరంగంలోదే దోషం అని కూడా నేను అనబోవడం లేదు.

పుంజం త్రిప్పే ఉత్సవాన్ని ఎనిమిదవ భాగపు పరీక్ష పూర్తికాక ముందే జరపడం తగునా అని అడిగితే ఇంజినీర్లు ఒక సమాధానం చెబుతారు. ఆ రోజు పుంజం 450 గిగా ఎలక్ట్రాన్ వోల్టులది మాత్రమే, అయస్కాంతాలలో విద్యుత్తు వెయ్యి ఆంపియర్ల లోపే, దానివలన ఏ హానీ లేదు అని. సాంకేతికంగా అది నూటికి నూరుపాళ్ళు నిజం. అయినా నాకు తృప్తి లేదు. ప్రపంచపు విలేకరులందరినీ పిలిచి, యంత్రం నడిచిందని ప్రకటించిన పిమ్మట, మిగిలిన ఆ ఒక్క పరీక్ష అందరి మనస్సులలోనూ లాంఛనంగా మారిపోతుంది. గృహప్రవేశం అయిపోయిన ఇంట్లో పునాది పరీక్షించడానికి ఎవరికి మనసొప్పుతుంది? ఇంతమాత్రం అన్నాక వారికి చెందవలసిన గౌరవం కూడా చెల్లించాలి. నెల తిరగకముందే ప్రమాద నివేదికను లోకానికి బయటపెట్టారు, ఓముల లెక్కలతో సహా. మన దేశంలో ఏ ప్రయోగశాల ప్రమాదం మీదనైనా అంత విప్పి చెప్పిన నివేదిక సామాన్యునికి అందుబాటులో ఉన్నదా అని వెదికి విసిగిపోయాను.

తరువాత వారు చేసిన మార్పులన్నీ అతుకు చుట్టూనే తిరిగాయి. వాహిని మీద ముక్కముక్కకూ విడిగా 0.3 మిల్లీవోల్టుల తేడాను పట్టే కాపలా పెట్టారు. మునుపటి ఒక వోల్టుతో పోలిస్తే మూడువేల రెట్లకు పైగా సూక్ష్మం. వాయువు పోవడానికి కొత్త ద్వారాలు తెరిచారు. 2013–14లో యంత్రాన్ని ఆపి పదివేల పైచిలుకు అతుకులను విప్పి, రాగిపట్టీలతో బలపరిచారు. ఆపైననే 2015లో 6.5 టెరా ఎలక్ట్రాన్ వోల్టులకు పోగలిగారు. ఇక రాబోయే యంత్రపు దశకు నియోబియం–టిన్ తీగతో కొత్త అయస్కాంతాలు చేస్తున్నారు. అది పెళుసు లోహం. వాటిని ఒక్కొక్కటిగా పరీక్షించడంతో తృప్తిపడక, సొరంగంలో ఏ వరుసలో, ఏ విద్యుత్ వాహినితో, ఏ హీలియపు గొట్టాలతో ఉండబోతాయో అదే వరుసలో ఎస్‌ఎం 18 శాలలోనే ఏర్పాటు చేసి, గొలుసుకట్టుగా పరీక్షించడానికి పూనుకున్నారు. దానికైన ఖర్చును వృథా అనేవారు ఉండవచ్చు. నేను మాత్రం అనను.

ఇదంతా ఎక్కడో జెనీవా ముచ్చట అని పాఠకులు అనుకుంటారేమో. ఇవాళ మన జిల్లా పట్టణాలలో కూడా ఎమ్మారై యంత్రం ఉన్నది. దానిలో ఉన్నది కూడా అతివాహక అయస్కాంతమే. సాధారణంగా 1.5 టెస్లాలు. పాత తరహా వాటిలో వేయి లీటర్లకు పైగా ద్రవ హీలియం ఉంటుంది. పరీక్షావేదిక మీది అయస్కాంతానికి పని అయిపోగానే విద్యుత్తు తీసివేస్తారు. ఇది రాత్రి తాళం వేసి ఇంటికి పోయినా బలంగా లాగుతూనే ఉంటుంది. 2018 జనవరిలో ముంబయిలోని ఒక ఆసుపత్రిలో, రోగి కోసం ఆక్సిజన్ సిలిండరు పట్టుకొని లోపలికి పోయిన ఒక యువకుడు ప్రాణాలు కోల్పోయాడు. యంత్రం ఆగి ఉన్నదని సిబ్బంది చెప్పారని బంధువులు వాపోయారు. ఆ అయస్కాంతం ఆగి ఉండటమనేది లేదు. గుండెకు పేస్‌మేకరు ఉన్నవారు దాటరాదని 0.5 మిల్లీటెస్లాల దగ్గర గీసే గీత కూడా గోడలోపలే ఉన్నదా, ప్రక్క వరండాలోకి వచ్చిందా అని అడిగేవారు అరుదు.

ఆ యంత్రం క్వెంచ్ అయితే హీలియం అంతా ఒక లావుపాటి గొట్టం గుండా మేడమీది నుండి ఆకాశంలోకి పోవాలి. గొట్టం మూసుకొని ఉంటే ఆ వాయువు రోగి ఉన్న గదిలోకి వస్తుంది. మా ప్రాంతంలో ఒక ఆసుపత్రికి బంధువు కోసం వెళ్ళినప్పుడు, పైన కొత్తగా ఒక అంతస్తు వేస్తూ ఉండటం చూచి, ఆ గొట్టం మూతి ఇప్పుడు ఎక్కడ తేలిందని అక్కడి టెక్నీషియన్ను అడిగాను. మర్యాదస్థుడు, విసుక్కోలేదు. "యంత్రం వరకే మాదండీ, గొట్టం భవనంవాళ్ళు చూసుకుంటారు" అన్నాడు. క్రిందికి దిగి మేస్త్రీని అడిగాను. అతను తలపాగా విప్పి చెమట తుడుచుకుంటూ, "ఆ గొట్టం జోలికి మేము పోము సార్, అది కంపెనీవాళ్ళది" అన్నాడు.